బలద్ గల్లీల్లో చేపన్నం

కువైట్ యుద్ధం ఆగిపోయింది కానీ మా గదిలో యుద్ధం ఆగలేదు. వార్తలు వినాలని మా లింగన్న బావ తెల్లవార్లూ రేడియో మోగించేవాడు. ఒకరోజు విసుగొచ్చి అందులోని సెల్లులు తీసి బయట పారేశాను. ఆనాటి నుంచి మాటల్లేవు. ముందు మాట్లాడినవాడు ఓడినట్టే. అలాగే ఎండాకాలం వచ్చేసింది. ఇంతలో మా సౌదీ కంపెనీ బావను రాబిగ్ నుంచి దేశానికి ఆ చివరనున్న ధహ్రాన్‌కు మార్చింది. శనివారం పొద్దున్నే బస్సు. మాట్లాడకుండానే పోతాడేమోనని నాకు గుబులు. ఆయన మా అక్క మొగుడు మరి.

మా డ్రైవర్ ఖాజా భాయ్‌ది నిజామాబాద్. మా సంగతి కనిపెట్టి, శుక్రవారం మా ఇద్దరినీ కంపెనీ వ్యాన్ ఎక్కించాడు.

"జెద్దాల బలద్ గల్లీలు తిరుగుదాం. అసలు చేపన్నం అంటే ఏందో సూపిస్త" అన్నాడు.

నమాజు అయ్యాక ఒంటిగంటకు బయలుదేరాం. మీరు వెళ్తే ఇకామా అనే నివాస పత్రంతో పాటు, పనిలో పెట్టుకున్న కఫీల్ ఇచ్చిన ప్రయాణం కాగితం కూడా జేబులో పెట్టుకోండి. దారిలో పోలీసులు అడుగుతారు.

బావా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం.

"ఖాజా భాయ్, కిటికీ ముయ్యమను. దుమ్మొస్తున్నది" అన్నాడు బావ.

"ఉడుకపోస్తున్నదని చెప్పు భాయ్" అన్నాను నేను.

"నేనేమన్న టెలిఫోన్ తీగనా?" అని ఖాజా భాయ్ మొత్తుకున్నాడు.

మూడింటికి బలద్‌లో దిగాం. పెద్ద బజారు వదిలేసి వెనక సందుల్లోకి వెళ్లాలి. చెక్క జాలీ కిటికీల పాత మేడలు రెండు వైపులా ఎత్తుగా ఉంటాయి, కింద ఎండ పడదు. దారి తప్పి తిరిగి తిరిగి ఒకే దర్జీ కొట్టు ముందుకు వచ్చాం. "ఫిర్ ఆగయే?" అని బంగ్లాదేశ్ దర్జీ నవ్వాడు. చివరికి వేగే ఉల్లిగడ్డల వాసన పట్టుకుని పోతే బోర్డు లేని చిన్న హోటల్ దొరికింది.

కింద కూర్చున్నాం. ఖాజా భాయ్ ఏం కావాలో చెప్పాడో లేదో అజాన్ వినిపించింది. ఆయన నమాజుకు వెళ్లాడు. హోటలాయన మా ముందు పళ్లెం పెట్టి, నమాజు వేళ కొట్టు మూయాలి గనక మమ్మల్ని లోపలే ఉంచి షట్టర్ దించి తనూ వెళ్లాడు.

ఒకటే పళ్లెం. గోధుమరంగు అన్నం, పైన పెద్ద చేప. ఇక్కడివాళ్లు అందరూ ఒకే పళ్లెంలో తింటారు. మనకేమో ఎంగిలి. పైగా పలకరింపుల్లేని మనుషులం. బావ అన్నం మధ్యలో వేలితో పొలానికి వేసినట్టు గట్టు వేశాడు. చేప తల ఆయన వైపు, తోక నా వైపు.

నిమ్మకాయ పిండుకుని టమాట పచ్చిమిర్చి పచ్చడి కలిపితే ఆ రుచి ఏం చెప్పను! ఆత్రంగా తింటుంటే గొంతులో ముల్లు గుచ్చుకుంది. కళ్లలో నీళ్లు, నోట మాట లేదు.

"అరే పోశెట్టీ! నమలకు, మింగు!"

బావ గట్టు చెరిపేసి, పెద్ద ముద్ద చేసి నా నోట్లో కుక్కాడు. మళ్లీ ఇంకో ముద్ద. ముల్లు దిగింది.

"నువ్వే ముందుగాల మాట్లాడినవ్ బావా" అన్నాను గొంతు రాగానే.

"సచ్చేటోనితోని మాట్లాడితే లెక్కల రాదు" అన్నాడు.

షట్టర్ లేచేసరికి పళ్లెంలో ముళ్లే మిగిలాయి. "నా పాలేది?" అని ఖాజా భాయ్ లబోదిబోమంటే ఇంకో పళ్లెం తెప్పించాం. అదీ ముగ్గురం తిన్నాం.

ఆరింటికి వెనక్కి బయలుదేరాం. బోర్డు లేని హోటలే మంచిదని, ఆకలి మీద చేప ముట్టుకోవద్దని నాకు తెలిసొచ్చింది. బావ దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. రాబిగ్ దీపాలు కనపడగానే నా వైపు తిరిగాడు.

"ధహ్రాన్‌ల నేను ఎవ్వనితోని లొల్లి పెట్టుకోవాల్రా?" అన్నాడు.