లోపలికి జరిగిన గీత

“ఆ మూలకి పరిగెత్తితే వీడి కాలు విరుగుతుందేమో బాబాయ్.”

సున్నం బాబాయి నవ్వలేదు. క్లబ్బు ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి కోసేదీ, సున్నంతో గీతలు వేసేదీ ఆయనే. ఆ మాట అడిగింది ఆయన అన్నగారి కూతురు. నీటి పరీక్షల ల్యాబులో పనిచేసే ఆమె, తన కొడుకు తుమ్మితే చాలు ఆస్పత్రికి పరుగు తీస్తుందని ఆయనకు తెలుసు.

“విరుగుతుంది. అందుకే గీత అక్కడిదాకా వెయ్యను,” అన్నాడు.

కాలువ వైపు నేల ఏటా కుంగుతోంది. అడుగున గొట్టం పగిలింది. ఎంత మట్టి పోసినా మింగేస్తోంది. ఒక ఆటగాడి మోకాలు అక్కడే పోయింది. ఆ మర్నాటి నుంచీ బాబాయి అటుపక్క గీతను కాస్త కాస్త లోపలికి జరుపుతూ వచ్చాడు. కింది లీగులో మైదానాన్ని టేపు పెట్టి కొలిచేదెవరు?

ఈ ఏడాది లీగువాళ్ళు కొలుస్తామన్నారు. కింది లీగులు రెంటినీ కలిపేస్తున్నారు. లైసెన్సు ఉన్న క్లబ్బులకే చోటు. లైసెన్సుకు కావలసిన దుస్తుల గది, డాక్టరు, అన్నీ ఎలాగో సర్దారు. తనిఖీకి ముందురోజు సెక్రటరీ తనే కొలిచి చూసుకుని, వెడల్పు చాలక బాబాయి మీద విరుచుకుపడ్డాడు.

“రేపు గీత పాత చోట వెయ్యవయ్యా. కొలుచుకుని పోతారు.”

“ఆ తర్వాత పిల్లలు ఆడాల్సింది ఆ గీతల మధ్యే కదా సార్.”

“క్లబ్బు పోతే నీ పనీ పోతుంది.”

“మా ఆవిడ ఇంటికి సున్నం కొట్టమని ఎన్నాళ్ళనుంచో పోరుతోంది లెండి.”

మర్నాడు గీత లోపలికి జరిపిన చోటే ఉంది. లైసెన్సు రాలేదు. మంచి ఆటగాళ్ళు వేరే జట్లకు చెదిరిపోయారు, గోల్ స్తంభాలు పీకేశారు. సెక్రటరీ ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నాడు. ఇంటికి సున్నం కొట్టడం ఎప్పుడో అయిపోయింది. బాబాయి వాకిట్లో కూర్చుని, గీతలకు వాడిన పురికొసను పుల్లకు చుడతాడు, విప్పుతాడు, మళ్ళీ చుడతాడు. చేసింది తప్పంటావా అని ఒకసారి అన్న కూతుర్ని అడిగాడు.

కొడుకును వేరే మైదానంలో చేర్చేముందు ఆమె ఆయన్నే సలహా అడిగింది. ఇప్పుడు ప్రతి ఆటకు ముందూ ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని తిరగడం చూసి మిగతా తల్లులు నవ్వుకుంటారు. సలహా అడిగిన రోజు బాబాయి పురికొస మీంచి కళ్ళెత్తకుండానే చెప్పాడు:

“ముందు ఉత్త కాళ్ళతో మైదానమంతా నువ్వు నడువు తల్లీ. దిగబడే చోటు ఉంటే వాణ్ణి ఇంటికి తీసుకుపో. లేదంటే వదిలెయ్. వదిలాక మాత్రం గట్టున కూర్చుని కేకలెయ్యకు.”