బల్ల మీద తట్టి చూపిన పేటెంట్

అర్థం చేసుకోలేనివాళ్లకు చెప్పిన సంగతి చెప్పినట్టా, చెప్పనట్టా? ఇన్నేళ్లు ఇన్ని పుస్తకాలు చదివాను గానీ దీనికి నా దగ్గర జవాబు లేదు. మా మరిది లాంబర్ట్ ఒక వేసవంతా దీనితోనే వేగాడు.

అతను ఐంధోవెన్‌లో టీవీల ఫ్యాక్టరీ ఇంజనీరు. ఎవరింట్లోనూ కుర్చీలో పూర్తిగా కూర్చునేవాడు కాదు. ఎనభై ఒకటో సంవత్సరంలో అతని బెంగంతా చిప్పుల గురించే. టీవీలో చిప్పులన్నీ ఒకే తీగ మీద మాట్లాడుకుంటాయి. ఒకే రకానివి రెండుంటే, పిలిచినప్పుడు రెండూ పలుకుతాయి. వాటిని విడదీసి పిలవడానికి అతనో ఉపాయం కనిపెట్టాడు.

నా పుట్టినరోజుకి అందరం గుండ్రంగా కుర్చీలు వేసుకుని కాఫీ తాగుతున్నాం. లాంబర్ట్ ఉండబట్టలేక తలా ఒక చీటీ పంచాడు. వాటి మీద సున్నాలూ ఒకట్లూ, ఏ రెండు చీటీలూ ఒకేలా ఉండవు. అందరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒక్కో అంకే చూసుకుంటూ పోవాలి. సున్నా వస్తే బల్ల మీద తట్టాలి, ఒకటి వస్తే ఊరుకోవాలి. మనం ఊరుకున్నప్పుడు ఇంకొకరి తట్టు వినిపిస్తే తప్పుకోవాలి. చివరికి ఒక్కరే మిగులుతారు. వాళ్లకో పేరు పెట్టి పక్కన ఉంచి, మిగతావాళ్లతో మళ్లీ మొదలు.

మా అత్తగారి చెల్లెలు డీనా తప్పుకున్నాక కూడా తడుతూనే ఉంది.

“పిన్నీ, నీ పని అయిపోయింది, ఊరుకో,” అన్నాడు లాంబర్ట్.

“పుట్టినరోజుకి పిలిచి ఊరుకోమంటావేంట్రా? ఆ చెర్రీ కేకు ఇంకో ముక్క పెట్టు, ఊరుకుంటాను.”

మూడు వారాలకు పేటెంట్ కాగితాలు సిద్ధమయ్యాయి. కనిపెట్టినవాడిగా అతని పేరు ఒక్కటే. అన్నేళ్లూ వేరేవాళ్ల పేర్ల వెనక పనిచేసిన మనిషి. సంతకానికి ముందు, పేటెంట్ల వ్యవహారం చూసే కూలెన్ గారు మాటవరసకి అడిగారు, బయట ఎవరికైనా చెప్పారా అని. లాంబర్ట్ ఆట సంగతి చెప్పేశాడు. ఆయన కలం మూత పెట్టేశారట. ముందే బయటికి పొక్కినదాన్ని కొత్తదనడానికి లేదు, దరఖాస్తు నిలవదు అన్నారు. ఆ వచ్చినవాళ్లలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదంటే మాత్రం వాదించి చూడవచ్చన్నారు.

ఇక సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. వాన గురించి మొదలుపెట్టి మెల్లగా ఆట మీదికి తెచ్చేవాడు. పక్కింటాయన అదేదో దరువు వేసే పోటీ అనుకున్నాడు. మా ఆయనకు చీటీలిచ్చిన సంగతే గుర్తులేదు. అలా ఎవరు మరిచిపోయినా లాంబర్ట్ మొహం విప్పారేది, అంతలోనే ముడుచుకునేది.

“అంత అధ్వాన్నంగా చెప్పానా వదినా?” అన్నాడోసారి.

చివరికి డీనా పిన్ని మిగిలింది. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను.

“ఎందుకు గుర్తులేదూ? అందరూ ఒక్కసారే మొదలెట్టినా ఒకరి మాట ఒకరు చెడగొట్టరు. పెద్దరికం చేసేవాళ్లు లేకుండానే ఒక్కరు తేలతారు. మా పేకాటలో ముక్కలెవరు పంచాలో ఇప్పుడు అలాగే తేల్చుకుంటున్నాం. రేడియోలు బాగుచేసే హార్మెన్‌కి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. అర్థమయ్యాక, ఇది తీగల మీద కూడా నడుస్తుందే అన్నాడు. నువ్వు బాగా నేర్పావు నాయనా.”

లాంబర్ట్ నవ్వబోయాడు, కుదరలేదు. పిన్ని పాలగిన్నె తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను ఏదో అనేలోపే అతను లేచి బయటికి నడిచాడు.

“ఏడీ? వెళ్లొస్తానని కూడా అనలేదే,” అంది పిన్ని పాలగిన్నెతో వచ్చి.

కిటికీలోంచి చూశాను. సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ, కూలెన్ గారి ఆఫీసున్న వీధిలోకి తిరిగాడు.