వంతులు వేసినవాడి వంతు

1998. వినుకొండ దిగువన సాగర్ కాలువ కింద ఉన్న మా ఊళ్ళో కొత్తగా నీటి సంఘం పెట్టారు. ఏ తూము ఎంతసేపు తెరవాలో వంతులు కట్టే పని నాది. లెక్కలు బళ్ళో నేర్చుకోలేదు. కాలువ గట్టున గేజ్ చూస్తూ, అంటే నీటి లోతు చూపే గీతల రాయి చూస్తూ, నేర్చుకున్నాను.

అధ్యక్షుడుగా వెంకటప్పయ్య గెలిచాడు. ఆయనదీ మీరావలిదీ టెయిల్ ఎండ్‌లో, అంటే కాలువ చిట్టచివర, పక్కపక్క మిరప చేలు. ముందు చివరి చేలకే నీళ్ళివ్వాలని ఇద్దరూ కలిసి ఏళ్ళ తరబడి పోట్లాడారు. గెలిచాక పైతూము రైతులు ఆయనకు కాలువ మొదట్లో పొలం కౌలుకిచ్చారు. అంతే, వంతులు పైనుంచి మొదలుపెట్టమన్నాడు. అలా మొదలైతే పైవాళ్ళు గడువు దాటినా తూములు మూయరు, చివరికి చుక్క రాదు. మీరావలి తోట పూత మీద ఉంది. ఈ తడి తప్పితే ఆ ఏటి పంట లేనట్టే.

సమావేశంలో అతను లేచి చేతులు కట్టుకున్నాడు. "అధ్యక్షుడు గారూ, మా చేలు ఎండిపోతున్నాయండి."

మొన్నటిదాకా "ఒరేయ్ ఎంకటప్పా" అన్న నోరది. గారు అనమని ఎవరూ చెప్పలేదు. రోమ్ చక్రవర్తుల కథ రాసిన ఒక పాతకాలపు చరిత్రకారుడి గురించి లైబ్రరీలో చదివాను. చక్రవర్తి అడగకముందే వంగిపోయే పెద్దమనుషుల్ని కూడా ఆయన వదల్లేదట. వాళ్ళెలా ఉంటారో ఆ రోజు తెలిసింది.

నేను లేచాను. "వంతులు మీరు చెప్పినట్టే వేస్తానండి. కానీ అన్నదమ్ముల పంపకంలో వాటాలు వేసిన పెద్దవాడు చివర తీసుకుంటాడు. కౌలుదీ సొంతదీ, మీ రెండు పొలాలకూ నీళ్ళు అందరి తర్వాతే."

"నన్నే కట్టేస్తావటయ్యా?"

"మిమ్మల్ని కాదండి, ఆ కుర్చీని. రేపు నేను కూర్చున్నా ఇంతే."

"అయితే ఆ కుర్చీ ఇంకెవడిక్కావాల్రా!" అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు. పైతూము వాళ్ళు కుదరదన్నారు. ఇది ఒప్పుకుంటేనే వంతులు కడతానని నిలబడ్డాను, కూర్చోలేదు.

ఉన్నట్టుండి మీరావలి అరిచాడు. "ఒప్పుకోరా ఎంకటప్పా! మీ నాయన పంపకంలో నీ తమ్ముడు ముందు కోరుకోలా?"

వెంకటప్పయ్య అతనివైపు తిరిగాడు. "సరేలేరా" అన్నాడు.

ఆ వారం గట్టు మీద అందరికన్నా ముందు కనిపించింది ఆయనే. "టైమైంది, మూయండ్రా!" అంటూ పైతూములు తనే మూయించాడు. మీరావలి తోట తడిసింది. దాని వెనకే ఆయన చేనూ.

ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న లెక్క నేను మళ్ళీ వెయ్యలేదు. తర్వాత ఎందరో అధ్యక్షులు వచ్చారు. ఎవరొచ్చినా ఆ అధ్యక్షుడి చేను వంతుల్లో చివర పెట్టాకే మిగతావి కట్టాను.