దాచినదాన్ని నమ్మని ఉందాగారు

దాచిన వస్తువు దాచినచోట ఉంటుందంటే మా ఉందాగారు చచ్చినా నమ్మరు. "జాగ్రత్తగా దాచానండీ" అని మీరంటే, అందరిలా "మంచిపని చేశారు" అనరు. కళ్ళజోడు పైకి తోసుకుని "ఉందా?" అంటారు. ఆయన అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప మాలో ఎవరికీ గుర్తులేదు.

ఇంట్లోనూ ఇదే వరస. ఓ ఆదివారం వాళ్ళావిడతో బయటికొచ్చి, తలుపు లాగేసి, మారుతాళంచెవి పనిచేస్తుందో లేదో చూశారు. పనిచేయలేదు. అసలు చెవి లోపలుంది.

"ఇప్పుడు లోపలికెలా వెళ్తామండీ?"

"వెళ్ళలేం. కానీ ఈ చెవి పనికిరాదని ఇవాళే తెలిసింది చూడు, అదృష్టం."

"మీరు చూడకపోతే దాంతో మనకి పనేముందండీ?" అని ఆవిడ మెట్లమీద కూలబడింది.

ఆఫీసులో నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు గోడకి వేలాడుతూ ఉండేది. అందరం దాన్ని చూసి ధైర్యంగా ఉండేవాళ్ళం. ఉందాగారు మాత్రం ఒకరోజు దింపి నొక్కారు. సరిగ్గా అప్పుడే మూల తిరిగిన మా మేనేజరు తలనుంచి బూట్లదాకా తెల్లగా అయిపోయాడు.

"ఏమిటండీ ఇది?"

"పనిచేస్తోందండీ" అన్నారు ఉందాగారు, ఎంతో తృప్తిగా.

మాది ప్రోగ్రాములు రాసే ఆఫీసు. మేం రాసిందీ, మార్చిందీ, పాత రూపాలతో సహా ఒకచోట చేరుతుంది. దాన్ని మేం రిపాజిటరీ అంటాం, ఆయన కొట్టుగది అంటారు. అందులో దాచే ప్రతి ముక్కకీ, లోపలున్నదాన్ని లెక్కగట్టి కంప్యూటరే ఒక పేరు పెడుతుంది. లోపల ఒక్క కామా చెదిరినా ఆ లెక్క పేరుతో కుదరదు. ఉందాగారు రోజూ పొద్దున ముక్కముక్కకీ మళ్ళీ లెక్క కట్టించి పేరుతో పోల్చి చూస్తారు. "పాడైనవి లేవు, పోయినవి లేవు" అని ఎవరూ అడక్కపోయినా ప్రకటించి, అప్పుడు కాఫీ కప్పు ముట్టుకుంటారు. ఆయన వేడి కాఫీ తాగగా నేను చూడలేదు.

పాడైనవీ పోయినవీ కాక, దిక్కులేనివని ఇంకో రకం ఉన్నాయి. మనం ఏదైనా తీసేస్తే, దాన్ని చేరే దారి పోతుందే గానీ ముక్కలు వెంటనే పోవు. కొట్టుగది ఊడ్చినప్పుడే నిజంగా పోతాయి. అలాంటిది కనిపిస్తే చాలు, ఒంటి చెప్పు దొరికిన మనిషిలా ఉందాగారు బల్లబల్లకీ తిరుగుతారు.

"ఇది మీదేనా? పారేయనా?"

"పారేయండి" అన్నాను నేనొకసారి.

"చూడకుండానే?"

"చూసినా అదే అంటాను."

"అయితే చూసే అనండి."

"చోటు నిండిపోతోంది, ఊడ్చేయండి మహాప్రభో" అని మేనేజరు మొత్తుకునేవాడు. "అడిగి ఊడుస్తానండీ" అనేవారు ఈయన.

అప్పట్లో మా దగ్గర ఒక కొత్తమ్మాయి చేరింది. ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. మేం రాస్తున్న రైళ్ళ వేళల ప్రోగ్రాముకి, కళ్ళు కనిపించనివాళ్ళకోసం వేళలు పైకి చదివి వినిపించే భాగం ఒకటి సొంతంగా కష్టపడి తయారుచేసింది. మీటింగులో మేనేజరు అందరిముందూ "ఇది నిన్నెవరడిగారు?" అన్నాడు. ఆ పిల్ల తన బల్ల దగ్గరికొచ్చి, మొత్తం తీసేసి, తన లాప్‌టాప్‌లోదీ తుడిచేసింది.

మర్నాడు ఉందాగారు ఆమె బల్ల దగ్గరికెళ్ళారు. "ఇది నీదేనా అమ్మా? పారేయనా?"

"పారేయండి సార్. నాకు మళ్ళీ చూపించకండి."

ఆయన రెండోమాట అడక్కుండా వెనక్కొచ్చి, ఆ సాయంత్రమే కొట్టుగది ఊడ్చేశారు. మేం ముక్కున వేలేసుకున్నాం.

కొన్నాళ్ళకి ప్రోగ్రాము కొనేవాళ్ళు కబురుపెట్టారు. కళ్ళు కనిపించనివాళ్ళకి వినిపించే ఏర్పాటు ఉంటేనే తీసుకుంటామనీ, సాయంత్రం చూడ్డానికి వస్తున్నామనీ. అమ్మాయి ఉద్యోగం తేలాల్సింది కూడా ఆ వారమే. మేనేజరు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"కొట్టుగది ఊడ్చేశారా?"

"మీరు ఊడ్చమన్నారు కదండీ" అన్నారు ఉందాగారు.

జన్మలో మొదటిసారి, తన మాట ఎవరైనా వినకపోతే బాగుండునని మేనేజరుకి అనిపించి ఉంటుంది. అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. "ఆయన అడిగారు. నేనే పారేయమన్నాను."

"కోపంలో ఉన్న మనిషి పారేయమంటే పారేస్తారా ఎవరైనా?" అన్నారు ఉందాగారు. "ఊడ్చేముందు దానికో చీటీ కట్టాను. చీటీ ఉన్నవాటి జోలికి చీపురు పోదు."

తెరమీద చూపించారు. చీటీ పేరు 'కోపం తగ్గాక'. ఆ ఒక్క కొస పట్టుకుని లాగితే ఆమె పనంతా చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. నడపగానే, రైలు ఆలస్యమని ఒక గొంతు మర్యాదగా చెప్పింది. రైలు ఆలస్యమైతే అంత సంతోషించిన జనాన్ని నేనెక్కడా చూడలేదు. సాయంత్రం వచ్చినవాళ్ళూ సంతోషించారు. అమ్మాయి ఉద్యోగం ఖాయమైంది.

ఆయనది అనుమానం అనుకుని ఇన్నాళ్ళూ నవ్వుకున్నాం. ఒకరి కష్టం ఊరికే చెత్తలో కలిసిపోతుందేమోనని ఆ పెద్దమనిషికి బెంగ. నాకాయనంటే ఎంత ఇష్టమో ఆరోజు తెలిసింది.

మర్నాడు అందరూ కాఫీకి వెళ్ళారు. నేను నా బల్ల దగ్గరే ఉన్నానని చూసుకోకుండా మేనేజరు ఉందాగారి పక్కకొచ్చి నిలబడ్డాడు.

"చాలాకాలం కిందట మా పాప కోసం కంప్యూటర్లో ఆడుకునే ఒక బొమ్మలాట రాయడం మొదలుపెట్టానండీ. పనెక్కువై, విసుగొచ్చి తీసేశాను. అది..." అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఉందా?" అన్నాడు.

ఉందాగారు చల్లారిన కాఫీ ఒక గుక్క తాగారు.

"ఉందండీ. ఇవాళ పొద్దున కూడా చూశాను. 'తీరిక దొరికాక' అని చీటీ ఉంటుంది, తీసుకోండి."