తేనెపట్టు మీద కుళ్ళు

పెళ్ళాం పరాయి మగాడితో నవ్వితే కుళ్ళుకునే మొగుళ్ళను చాలామందిని చూశాను. తేనెటీగలను చూసి కుళ్ళుకున్న మనిషి మాత్రం నాకు తెలిసి మా పక్కింటి జాన్ సైదా బాబాయి ఒక్కడే. తెనాలిలో నందివెలుగు రోడ్డు వైపు చిన్న డాబా ఆయనది. వరండాలో దూది ఏకే మిషన్ పెట్టుకుని పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. పిల్లల్లేరు. భార్య మదార్‌బీ పిన్ని ధ్యాసంతా తన మీదేనని ఆయనకు గొప్ప ధీమా.

రెండు వేల ఆరు చలికాలంలో ఆ ధీమాకు గండి పడింది. డాబా సన్‌షేడ్ కింద పెద్ద తేనెటీగలు చేటంత పట్టు పెట్టాయి. పొగబెట్టిద్దామంటే పిన్ని ఒప్పుకోలేదు.

"మన నీడకొచ్చాయండి. వాటి జోలికి మనం పోకపోతే మన జోలికి అవీ రావు."

ఆ రోజు నుంచి ఇంట్లో చట్టాలు మారిపోయాయి. వెలుగుకు ఈగలు దిగుతాయని చీకటి పడ్డాక వరండాలో లైటు బంద్. మిషన్ వెనక గదిలోకి పోయింది. పట్టు కింద దారికి తడిక అడ్డం పెట్టి, వచ్చినవాళ్ళను పెరటి వైపు నుంచి రమ్మనేది పిన్ని. చివరికి శుక్రవారం మసీదుకు వెళ్ళేటప్పుడు అత్తరు కూడా వద్దంది, ఘాటు వాసన వాటికి గిట్టదని.

"పెళ్ళినాటి నుంచీ పూసుకుంటున్నానమ్మాయ్," అని నా దగ్గర వాపోయాడు బాబాయి. "నేను తిన్నానో లేదో అడగదు. వాటికి మాత్రం పళ్ళెంలో నీళ్ళు పెడుతుంది. ఏంటిది, నువ్వే చెప్పు!"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మనిషి నిజంగానే మండిపోతున్నాడు. సాయంత్రాలు పిన్ని దూరంగా కుర్చీ వేసుకుని పట్టును చూసేది. ఆయన వెనక నిలబడి ఆవిడను చూసేవాడు.

ఒక శుక్రవారం ఇక ఓర్చుకోలేక, మెడకూ చెవులకూ అత్తరు దట్టంగా పట్టించి, తడిక తోసేసి పట్టు కింద నిలబడ్డాడు. చేతులూపుతూ, "ఇది నా ఇల్లే!" అని అరిచాడు. ఇంకేముంది, ఈగలు ముసురుకున్నాయి. పిన్ని దుప్పటి కప్పుకుని పరిగెత్తి, ఆయన్ను లోపలికి లాగి తలుపేసింది. ముళ్ళు గోటితో గీకి తీసి, ఆసుపత్రికి తీసుకెళ్ళి సూది వేయించింది. నేను చూడబోయేసరికి పక్కన కూర్చుని జావ తాగిస్తోంది. వాచిపోయిన ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"పాపం," అంది పిన్ని నాతో. "కుట్టిన ఈగ బతకదంట. ఈయన మూలంగా ఎన్ని చచ్చాయో!"

బాబాయి జావ పక్కకు నెట్టేశాడు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున ఈగలన్నీ లేచి వాటంతటవే రేపల్లె వైపు వెళ్ళిపోయాయి. ఖాళీ పట్టు చూసి పిన్ని వెక్కి వెక్కి ఏడ్చింది. పండగ చేసుకోవలసిన బాబాయికి ఆ ఏడుపు చూస్తే ఒళ్ళు మండింది.

"నేను పోయినా ఇట్టాగే ఏడుస్తావా?"

"మీరెక్కడికి పోతారు లెండి," అంది పిన్ని ముక్కు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున్నే బాబాయి సంచి సర్దుకుని, చీరాలలో చెల్లెలింటికి పోతున్నాను, నెల దాకా రానని చెప్పి స్టేషన్‌కు వెళ్ళాడు. పొద్దుగూకకముందే తిరిగొచ్చి, తన ఇంటికి కాకుండా మా వాకిట్లోకి వచ్చాడు.

"మీ పిన్ని ఏడ్చిందా అమ్మాయ్?"

"లేదు బాబాయ్. రాత్రికి నీకూ కలిపి బియ్యం పోసింది."

"నాకూ కలిపి పొయ్యడం నువ్వు కళ్ళారా చూశావా?" అని రెండుసార్లు అడిగాడు.