దూకని చేప

నేను జూలూరుపాడులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పే రోజుల్లో మా గదిలో మూడడుగుల అక్వేరియం ఉండేది. మా గది అంటే నాదీ, లెక్కల టీచరుదీ; స్కూలు నడిపే కరస్పాండెంట్ సారు పాత ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఆమె మధిర పిల్ల. నాకంటే నాలుగేళ్లు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. వాళ్లు హిందువులే అయినా ఆదివారం నాతో చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. తల్లాడలో మా అమ్మకు నాకంటే ఆమే ఎక్కువ ముద్దు.

చేపల పిచ్చి మాత్రం నాది. ఖమ్మంలో చిలకలు, చేపలు అమ్మే దుకాణంలో మొదట నల్లచారల కన్విక్ట్ జంటను కొన్నాను. ఇవి సిక్లిడ్ జాతి మేడమ్, ఒకదాన్నొకటి బతకనివ్వవు అని దుకాణదారు ముందే చెప్పాడు. ఆ మాటకే నాకు పంతం వచ్చింది. తరువాత నీలిచుక్కల టెక్సాస్ చేపను తెచ్చాను. ఆ తరువాత బొటనవేలంత ఫ్లవర్‌హార్న్ పిల్లను తెచ్చాను. దాని కింది పెదవి ఎడమకు వంకరపోయి ఉంది. అందుకే ఎవరూ కొనలేదు.

వాటిని కలిపి ఉంచడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. చిరిగిన తోకలు, ఊడిన పొలుసులు ఎన్ని చూశానో. కొత్త చేపను వేసేటప్పుడు రాళ్లూ కుండపెంకులూ అన్నీ తీసి వేరేగా పేర్చాలని, అప్పుడు పాతవాటికి కూడా అది కొత్త చోటై కొన్నాళ్లు తగ్గి ఉంటాయని చూసి చూసి తెలుసుకున్నాను. కాని ఫ్లవర్‌హార్న్ అరచేయంత పెరిగి, నుదుటి మీద బొడిపె లేచాక ఏ రాయీ పని చేయలేదు. చివరికి మందపాటి ప్లాస్టిక్ షీటు తెచ్చి, మేకు కాల్చి దానికి బెజ్జాలు పెట్టి, తొట్టి మధ్య అడ్డంగా నిలబెట్టాను. నేను మేకు కాలుస్తుంటే షీటు పట్టుకున్నది ఆమే. ఒక పక్క ఫ్లవర్‌హార్న్, రెండో పక్క మిగతావి. నేను అద్దం మీద అరచేయి ఆనిస్తే అది వచ్చి సరిగ్గా అక్కడే తల ఆనించేది. ఇంకెవరు పెట్టినా వచ్చేది కాదు. ఆమె ఎన్నిసార్లో పెట్టి చూసి నవ్వేసేది.

ఆ ఎండాకాలం దూరవిద్య బీఎడ్ క్లాసులకని రెండు వారాలు ఖమ్మంలో ఉండాల్సి వచ్చింది. మేత ఎంత వేయాలో, నీళ్లు ఎప్పుడు మార్చాలో కాగితం మీద రాసి గోడకు అంటించి వెళ్లాను. తిరిగొచ్చేసరికి షీటుకు ఫ్లవర్‌హార్న్ ఉండే పక్కంతా ఖాళీగా ఉంది. ఆమె వాకిట్లోనే నిలబడి ఉంది.

"షీటు జారిపోయిందక్కా. చిన్నవాటి వెంటపడి, మూత సందులోంచి ఎగిరి కింద పడ్డది. నేను లేచేసరికి ప్రాణం లేదు. జామచెట్టు కింద పూడ్చాను" అంది.

నేను మంచం మీద కూలబడి ఏడ్చాను. గాలి పైపు కోసం మూతకు ఆ సందు వదిలింది నేనే. తప్పంతా నాదే అనుకున్నాను. ఆమె నా పక్కన కూర్చుని నీళ్లు తాగించింది. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగితే, నీదేం తప్పు లేదని, నీ మీద ఇంత బరువు పెట్టిపోవడం నాదే పొరపాటని నేనే ఓదార్చాను. మిగతా చేపల ఒంటి మీద ఒక్క పొలుసు కూడా చెదరలేదు. ఫ్లవర్‌హార్న్ వెంటపడి ఉంటే అవి అలా మిగిలేవి కావు. అంత తెలిసినదాన్ని, ఆ రోజు అది నాకు తోచనే లేదు.

జూన్‌లో ఆమెను వైస్ ప్రిన్సిపల్ చేశారు. సర్వీసులో నేను ముందు. కొంచెం మనసు చివుక్కుమన్నా, చురుకైన పిల్ల అని సరిపెట్టుకుని మిఠాయి నేనే తెప్పించాను.

చలికాలం మొదట్లో మధిరలో మా కరస్పాండెంట్ సారు కొత్తింటి గృహప్రవేశం. టీచర్లమంతా స్కూలు బస్సులో వెళ్లాం. హాల్లో గుమ్మానికి ఎదురుగా పెద్ద అక్వేరియం, అందులో ఒకే ఒక్క ఫ్లవర్‌హార్న్. బొడిపె ఇంకా పెరిగింది. కింది పెదవి ఎడమకు వంకర. నా చేయి దానంతటదే అద్దం మీదికి వెళ్లింది. అది వచ్చి తల ఆనించింది.

సారు భార్య నా వెనకే వచ్చి నిలబడింది. "మీ వైస్ ప్రిన్సిపల్ మేడమ్ ఇచ్చిందండీ, ఎండాకాలంలో. పిల్లప్పటి నుంచి తనే పెంచిందట. ఇది ఇంట్లోకొచ్చాకే మాకు పనులన్నీ కలిసొచ్చాయి" అంది. మా లెక్కల టీచరు పళ్లెం పట్టుకుని రెండడుగుల దూరంలోనే ఉంది. సారు భార్య ఆమె వైపు తిరిగి, వారం నుంచి ఇది మేత ముట్టడం లేదు, ఏం చేయమంటావని అడిగింది. ఆమెకు తెలియదు.

ఇది నా చేప అని నేను ఆ క్షణంలో అనగలిగేదాన్ని. అనలేదు. రెండు రోజులు మేత ఆపి, నీళ్లు సగం మార్చి, తరువాత పచ్చి రొయ్యను సన్నగా తరిగి వేయమని నేనే చెప్పాను. సారు భార్య సంతోషించింది. ఆ పిల్లను ఎందుకు కాపాడానా అని తిరుగు దారంతా బస్సులో నన్ను నేనే తిట్టుకున్నాను. ఆమె ముందు సీట్లో కూర్చుంది.

గదికి వచ్చి తలుపు వేశాక, ఆమే మొదలుపెట్టింది. మా అద్దె ఇంటి రిపేరు చూడటానికి సారు వచ్చి చేపను చూశాడట, ఇది ఇంట్లో ఉంటే కలిసొస్తుందట కదా అన్నాడట. కాదనలేకపోయిందట.

"అడిగితే నువ్వు ఇచ్చేదానివా అక్కా?" అంది.

"ఇయ్యకపోతుంటి. సారుకు భయపడి ఇచ్చినవ్, సరే. నేనే పెంచిన్నని ఎందుకు చెప్పినవ్?"

ఆమె చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది.

"చచ్చిపోయిందని నన్ను ఏడ్వనిచ్చినవ్. నీళ్లు తాగిపిచ్చినవ్. గప్పుడన్నా చెప్పకపోతివి."

"చెబ్దామనే అనుకున్నా. నువ్వే నన్ను ఓదారుస్తుంటే ఇంకెలా చెప్పను?" అంది. అది నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ మాటే అన్నిటికంటే గట్టిగా తగిలింది. నా మంచితనాన్ని కూడా నా మీదికే తిప్పింది.

నెల తిరగకముందే ఆమె వేరే ఇల్లు చూసుకుంది. ఆ ఏడు పరీక్షలయ్యేదాకా స్టాఫ్ రూంలో ఒకే బల్ల దగ్గర కూర్చుని రిజిస్టర్ల గురించి మాత్రమే మాట్లాడుకున్నాం. ఆ తరువాత నేను ఉద్యోగం మానేసి తల్లాడ వచ్చేశాను. టెక్సాస్‌ను దుకాణానికి తిరిగిచ్చి, కన్విక్ట్ జంటను మూతపెట్టిన స్టీలు బకెట్లో తెచ్చుకున్నాను. ఇక్కడ మళ్లీ నింపిన తొట్టిలోకి దిగిన నెలకే అవి గుడ్లు పెట్టి పిల్లల్ని చేసి, ఆ పిల్లల జోలికి నా వేలిని కూడా రానివ్వలేదు.

అమ్మ మొదటి రోజే అడిగింది, ఆ పిల్ల రాలేదేమని. పని ఉందట అన్నాను. పండుగకు రమ్మను, బంగారమసొంటి పిల్ల అంది. సరే అన్నాను. ఎన్నిసార్లు అడిగినా ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. అమ్మకు ఇప్పటికీ ఆ సంగతి తెలియదు.