చివరి అంకె మార్చింది నేనే

మూడేళ్లుగా ఒక నంబరును మోస్తున్నాను. 418. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను చదివింది ఐదో తరగతి. కానీ ఒకసారి కంటపడింది మరిచిపోను. మా వీధిలో ఎవరి పెళ్లిలో ఏ కూర వండారో ఇప్పటికీ నన్నే అడుగుతారు.

మా తమ్ముడి కూతురు సుమతి మా ఇంట్లోనే ఉండి ఇక్కడ తమిళనాట ధర్మపురిలో ఒక రక్తపరీక్షల సెంటర్‌కు వెబ్‌సైట్ రాసేది. నా షుగర్ రిపోర్టు నా ఫోన్‌లో తెరిచి, పైన అడ్రసు చివర ఉన్న 417 చూపించింది.

“ఇది నీ నంబరు అత్తా. సైటు దీన్ని విడిగా తీసి లోపల ఫంక్షన్ అనే చిన్న ప్రోగ్రాం చేతికిస్తుంది. అది ఆ నంబరు రిపోర్టు తెచ్చి పెడుతుంది.”

“అడిగేది ఎవరని చూడదా?”

“చూడమని మనం రాస్తేనే చూస్తుంది. నేనింకా రాయలే. సోమవారం రాస్తా. నీవేమన్నా దొంగవా, ఇన్ని కేళ్విలు అడుగుతుండావు?”

ఇద్దరం నవ్వాం.

రక్తం ఇచ్చిన రోజు సెంటర్లో నా వెనుక నిలబడింది పక్కింటి మల్లిక. ఆమె చీటీ మీద 418. సుమతి నా రిపోర్టు చూపించిన మరునాడు మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తున్నదాన్ని చేయి కడుక్కుని, ఏడును ఎనిమిది చేశాను. మల్లిక పేరు వచ్చింది. కింద తమిళంలో, గర్భం అని.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు. మూడు నెలలు నిండేదాకా మా వైపు ఎవరూ బయటికి చెప్పరు. మల్లిక అత్తకు కూడా చెప్పలేదు. నేను పూలమ్మే ఆమెకు చెప్పాను, నా పేరు చెప్పనని ఒట్టు వేయించుకుని. సంతోషం పట్టలేక చెప్పానని అనుకుంటాను. సంతోషమే అయితే ఒట్టెందుకు?

ఆమె ఒట్టు నిలబెట్టుకుంది. మాట మాత్రం సాయంత్రానికి మల్లిక అత్త చెవిన పడింది. మల్లిక వచ్చి సుమతిని నిలదీసింది, కంప్యూటర్లో చూసి ఊరంతా చాటావా అని. చూడలేదంది సుమతి. నన్ను అనుమానించాలని దానికి తోచనే లేదు. నేను గింజలు తీస్తూనే ఉన్నాను.

మల్లిక సెంటర్‌కు వెళ్లి చెప్పింది. సోమవారానికి సుమతికి ఆ పని లేదు. ఇప్పుడు బొమ్మిడిలో ఫోన్ల కొట్లో కూర్చుంటుంది. మల్లిక దానితో మాట్లాడదు. బిడ్డను మాత్రం నా ఒడిలో వదిలి పనికి పోతుంది.

చూసింది నేనమ్మా అనే ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చి ఆగిపోవడానికి భయం కారణమా, లేక ఇంతకాలం అందరి కథలూ చెప్పిన నేను నా కథ ఇంకొకరి నోట వినలేకపోవడమా అని నన్ను నేనే అడుగుతుంటాను. ఏడుపు రాదు.

తెలుగు అక్షరాలు నాకు మా అవ్వ నేర్పింది. సుమతికి తెలుగు మాటే వచ్చు, చదవడం రాదు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. అదీ ఒప్పుకోవాలి కదా.

ఇప్పుడు పక్కనే కూర్చుని ఉంది. కాగితం వైపు చూసి, ఏం కథ అత్తా అంది. నీదే అన్నాను. నవ్వింది.

ఏడును ఎనిమిది చేసింది నేను. రాసేశాను. చేయి మాత్రం కొంచెం తేలికైంది.